జోలగది

వెల్లుల్లిని నిద్రపుచ్చడం కనిపెట్టింది నేనే. లేపడం ఎలాగో పూర్తిగా తెలుసుకోకుండా ఊరందరి విత్తనాన్నీ నిద్రపుచ్చిందీ నేనే. మొదటిదానికి హైదరాబాదులో శాలువా కప్పారు. రెండోదానికి మా అమ్మ నన్ను "మేడం" అని పిలవడం మొదలుపెట్టింది.

మా అమ్మ పేరు మొగులమ్మ. జహీరాబాదు అవతల తాటిచెలమ అనే ఊళ్లో, ఎర్రనేలలో వెల్లుల్లి పండిస్తుంది. అక్కడ దాన్ని ఎల్లిగడ్డ అంటారు. ఆ ఊరి గడ్డ చిన్నది, పొర ఊదారంగు, ఘాటు మాత్రం చెప్పనలవి కాదు. ఒక్క రెబ్బ దంచితే మూడిళ్ల అవతల తుమ్ముతారు. ఒకప్పుడు నలభై ఇళ్లవాళ్లు వేసేవారు. నేను జోలగది కట్టేనాటికి పద్నాలుగు ఇళ్లు మిగిలాయి.

వెల్లుల్లికి గింజ ఉండదు. రెబ్బే దాని విత్తనం. అమ్మ ఈ ఏడాది నాటే రెబ్బ, వాళ్ల అమ్మమ్మ నాటిన గడ్డలోంచి తెగుతూ తెగుతూ వచ్చిన ముక్కే. ఒక్క ఏడాది నాటడం తప్పిందా, ఆ తెగ మళ్లీ ఏ సంతలో వెతికినా దొరకదు. అందుకే మాఘం చివర ఆకు పసుపెక్కి వంగగానే గడ్డలు పెరికి, ఆకుతో సహా నీడన ఆరబెట్టి, జడలల్లి పొయ్యి మీది దూలానికి వేలాడదీసేవారు. పొగ తగులుతుంటే దసరా దాకా కదలకుండా ఉండేవి. గ్యాసు వచ్చింది, పొగ పోయింది. ఎండాకాలమా, ఇప్పుడు ఫిబ్రవరిలోనే వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంటోంది. వానలు పడేసరికి జడలో సగం రెబ్బలు ఎండి పొట్టు మిగిలేది. తక్కిన సగం తొందరపడి మొలకెత్తి పాడయ్యేది.

నేను చదివింది కంపనాల శాస్త్రం. మోటార్లు ఎందుకు వణుకుతాయో చూడటం నా ఉద్యోగం. మా పరిశోధనశాలలో ఒక ముసలి ఫ్రిజ్ ఉండేది, పగలూ రాత్రీ ఒకటే గురక. అమ్మ ఇచ్చిన ఎల్లిగడ్డల సంచి దాని నెత్తిమీద పెట్టి మరిచిపోయాను. పద్నాలుగు నెలల తర్వాత నాతో పనిచేసే జాన్ వెస్లీ దాన్ని దించాడు. అతనిది గుంటూరు వైపు. పచ్చడి లేనిదే ముద్ద దిగదు కాబట్టి వెల్లుల్లి సంగతి బాగా తెలిసినవాడు.

"మేడం, ఇవి ఈ ఏడాదివేనా? ఇంకా రసం కారుతున్నాయండీ!" అన్నాడు.

అదే రోజు తెచ్చి కిటికీలో పెట్టిన మరో సంచి ఎప్పుడో పొట్టయిపోయింది. తేడా ఫ్రిజ్ గురకే. ఒకే తీరుగా, ఒక్క క్షణం తప్పకుండా సాగే ఆ సన్నని వణుకు తగులుతుంటే రెబ్బ లోపలి మొలక పెరగడం ఆపేస్తోంది. అది చచ్చిపోవడం లేదు, నిద్రపోతోంది. ఏడాదిన్నర తంటాలు పడి అలాంటి వణుకునే చెక్క అరల గుండా పంపే యంత్రం తయారుచేశాం. తాటిచెలమ బడి వెనక రేకుల షెడ్డులో అరలు బిగించాం. చెక్క మీద అరచెయ్యి పెడితే, పడుకున్న పిల్లి వీపు మీద పెట్టినట్టు ఉండేది.

ఊళ్లో వయసులోనూ నోట్లోనూ పెద్దవాడైన ఈరప్ప చెయ్యి పెట్టి చూసి నవ్వాడు. "ఓ శివలీలా, ఇది గోదాము గాదు, జోలగది" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

మొదటి ఏడు తిండిగడ్డలు పెట్టాం. దసరా నాటికి ఒక్కటి కూడా పాడవలేదు. రెండో ఏడు నేనే ఇల్లిల్లూ తిరిగి విత్తనపు గడ్డలు కూడా ఇమ్మన్నాను. కొంచెం ఇవ్వండి, కొంచెం ఇంట్లో ఉంచుకోండి అని కూడా చెప్పాను. వాళ్లు ఒప్పుకోలేదు. "ఇత్తనం ఇడగొడితే ఇల్లిడిపోతది" అని ఆ ఊళ్లో ఒక మాట ఉంది. ఇస్తే మొత్తం ఇవ్వాలి, లేకపోతే అసలు ఇవ్వకూడదు. మొగులమ్మ బిడ్డ అడుగుతోంది కదా అని పద్నాలుగు ఇళ్లవాళ్లూ మొత్తం తెచ్చి అరల్లో పేర్చారు. అమ్మ అందరికంటే ముందు తెచ్చింది.

నేను పరీక్షించకుండా ఏమీ చెయ్యలేదు. మూడు నెలలు నిద్రపుచ్చిన రెబ్బల్ని యంత్రం ఆపి నాటితే పది రోజుల్లో మొలిచాయి. మూడు నెలలకు లేచింది ఏడు నెలలకు లేవదా అనుకున్నాను. అనుకోవడం నా వంతు, అనుభవించడం ఊరి వంతు అయింది.

దసరా వెళ్లిన మూడోనాడు నాట్లు వేశారు. గడ్డ విడదీసి, బయటి లావు రెబ్బల్ని ఏరి, మొన పైకి ఉండేలా రెండు వేళ్ల లోతున గుచ్చుకుంటూ పోయారు. నేను మురిపెంగా గట్టు దిగబోతే అమ్మ ఎప్పటిలాగే కేకేసింది.

"చెప్పులిడిశి రా బిడ్డా! దాని నెత్తిమీద తొక్కుతవా ఏంది?"

నాకు పదేళ్లున్నప్పుడూ అదే కేక, ముప్పై నాలుగేళ్లప్పుడూ అదే కేక. నవ్వుకుంటూ చెప్పులు విడిచాను.

పది రోజులైంది. నేల పలకలేదు. పన్నెండైంది. అమ్మ ఫోను చేసి, "ఇంకా లేవలేదు బిడ్డా" అంది. పదిహేనోనాడు నేనూ వెస్లీ కారులో వెళ్లేసరికి పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లూ మా చేను గట్టు మీద ఉన్నారు. అమ్మ వేలితో మట్టి తీసి ఒక రెబ్బను బయటికి లాగింది. వేరు లేదు, మొలక లేదు. కుళ్లు కూడా లేదు. నిన్న గడ్డలోంచి తీసినంత నిగనిగలాడుతోంది.

నేను పరుగున చేలోకి దిగాను. నాలుగు అడుగులు వేశాక గుర్తొచ్చింది, కాళ్లకు చెప్పులున్నాయి. అమ్మ చూసింది. కేకెయ్యలేదు.

"మేడం, ఇవి ఎప్పుడు లేస్తయి?" అంది.

ఊళ్లో ఈరప్ప తప్ప అందరూ నన్ను మేడం అనే అంటారు, నాకు అలవాటే. అమ్మ నోట అది విన్నాక నా పేరేమిటో నేనే మరిచిపోయినట్టయింది.

ఆ రోజూ మర్నాడూ ఆడవాళ్లు వేసిన నాట్లన్నీ వేళ్లతో తవ్వి బుట్టల్లోకి ఎత్తారు. నాటేటప్పుడు ఎగతాళి పాటలు పాడినవాళ్లే. తీసేటప్పుడు ఒక్కరూ గొంతు విప్పలేదు. రెబ్బల్ని తెచ్చి మళ్లీ షెడ్డులో పోశారు. దీపావళి రెండు రోజులుందనగా ఈరప్ప వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"నీ మీద కోపం లేదు శివలీలా. కానీ ఒక్కటి చెప్త. కార్తీకం ఎల్లేలోపు భూమిల పడాలె. ఆ తర్వాత ఏసినా ఆకొస్తది గని గడ్డ ఊరదు. ఇగ మళ్ల వచ్చే ఏడు దాక ఇవి ఆగవు. గింతే ఉన్నది టైము."

అంటే నెల రోజులు. ఆ తర్వాత తాటిచెలమ ఎల్లిగడ్డ అనేది ఉండదు.

నేనూ వెస్లీ షెడ్డులోనే మకాం పెట్టాం. యంత్రం ఆపేసినా అవి లేవవు. చల్లబెట్టాం, ఎందుకంటే మామూలుగా చలి తగిలితే వెల్లుల్లికి మెలకువ వస్తుంది. లేవలేదు. మనిషి ఒంటి వేడికి సమానంగా పెట్టెలో వెచ్చబెట్టాం. లేవలేదు. మొలకల మందుల్లో నానబెట్టాం. అరలను సుత్తితో కొట్టాం. అది శాస్త్రం కాదు, ఒళ్లుమంట. వారం గడిచింది. రెబ్బను చీల్చి చూస్తే లోపల పచ్చని మొలక గోరంత అలాగే ఉంది, కళ్లు మూసుకుని.

రాత్రి భోజనానికి ఇంటికి పోయేదాన్ని. అమ్మ అన్నం పెట్టేది, పెరుగు వేసేది, మాట్లాడేది కాదు. మా తమ్ముడు బస్వరాజు తల వంచుకుని తినేవాడు. వాడి భార్య మహానందకు రెండో కాన్పు మా ఇంట్లోనే అయింది. నెల నిండిన ఆడపిల్ల. ఆ ఇంట్లో నన్ను చూసి మొహం తిప్పుకోనిది అదొక్కతే. దానికప్పుడు జలుబు చేసింది. ముక్కు బిగిసి పాలు తాగలేక కోపంతో ఎర్రబడుతోంది.

అమ్మ, చేలోంచి తవ్వినవాటిలో బుట్ట అడుగున మిగిలిన ఐదు రెబ్బలు తీసి, సూదితో పసుపుదారానికి గుచ్చి, పిల్ల ఛాతీ మీదికి వచ్చేలా చొక్కాకు కట్టింది. జలుబు చేసిన పసిపిల్లలకు ఆ ఊళ్లో అదే మొదటి మందు.

"భూమికి పనికి రాకపాయె, గీ ముక్కుకన్న పనికొస్తయేమో" అంది, నా వైపు చూడకుండా. నేను పెరుగన్నం సగంలో వదిలేసి లేచాను.

దండ కట్టిన నాలుగో రోజు పొద్దున మహానంద నీళ్లు కాచుకుంటూ పిల్లను నా చేతికిచ్చింది. ఆ రోజు ఊరివాళ్లందరినీ పిలిచి నా వల్ల కాలేదని చెప్పెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ పిల్లను భుజాన వేసుకున్నాను. మెడకు ఏదో గుచ్చుకుంది. తీసి చూశాను.

ఐదు రెబ్బల్లో మూడింటికి మొనలు పగిలాయి. వడ్లగింజ కొసంత పచ్చదనం.

నేను అరిచిన అరుపుకు పిల్ల జడిసి ఏడ్చింది. మహానంద చెంబు పడేసింది. అమ్మ పరుగున వచ్చింది. ముగ్గురం ఆ దండను చూస్తూ నిలబడ్డాం, పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.

నేను దండ పట్టుకుని షెడ్డుకు పరిగెత్తాను. వెస్లీ కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. "సూది గుచ్చినందుకా మేడం? పసుపు వల్లా? పాలు పడ్డాయా? ఒంటి వేడి అయితే కాదండీ, పెట్టెలో పెట్టి చూశాంగా." అన్నింటినీ విడివిడిగా పరీక్షించడానికి కూర్చున్నాం. సూది గుచ్చినవి కొన్ని, పసుపు రాసినవి కొన్ని, పాలలో ముంచినవి కొన్ని.

మేము అక్కడ చీటీలు అంటిస్తుండగా అమ్మ ఊరి మీద పడింది. షెడ్డులో పోసిన రెబ్బల్ని ఐదేసి చొప్పున దండ గుచ్చి, ఊళ్లో ఉన్న నలుగురు పసిపిల్లలకు కట్టించింది. బడిపిల్లలకు కట్టింది. తనూ ఒకటి వేసుకుంది. ఈరప్ప మెడలో ఒకటి, ఆయన మేకపిల్ల మెడలో ఒకటి వేసింది. ఆ నాలుగు రోజులు తాటిచెలమలో ఎవరు ఎదురొచ్చినా ముందు వాసన వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. బడిలో పంతులు కిటికీలన్నీ తెరిపించాడు.

నాలుగు రోజుల తర్వాత లెక్క తేలింది. మా పరీక్షల్లో ఒక్క రెబ్బా కదల్లేదు. అమ్మ కట్టినవాటిలో పసిపిల్లల దండలు నాలుగూ లేచాయి. బడిపిల్లల మెడలోగానీ పెద్దవాళ్ల మెడలోగానీ ఒక్కటీ లేవలేదు. మేకపిల్ల నాలుగు రెబ్బలు నమిలేసింది. దాని మెడలో మిగిలిన ఒక్కటీ లేచింది.

"మీ అమ్మగారు మనకంటే పద్ధతిగా చేశారండీ" అన్నాడు వెస్లీ.

ఈరప్ప మాత్రం నొచ్చుకున్నాడు. "మేకపిల్ల ఛాతి మీద లేస్తది, నా ఛాతి మీద లేవదా? నా గుండె ఆగిపోయిందా ఏంది?"

ఆ మాట చెవిన పడగానే నేను మహానంద దగ్గరికి నడిచి పిల్ల రొమ్ము మీద అరచెయ్యి పెట్టాను. రెండేళ్లుగా అరల వణుకును పట్టి చూసిన చెయ్యి అది. పసిదాని గుండె టకటకా కొట్టుకుంటోంది, మన గుండె ఒకసారి కొట్టుకునేలోగా రెండుసార్లు. మేకపిల్లదీ అంతే వేగం. వణుకుతో నిద్రపోయింది వణుకుతోనే లేస్తోంది. ఇంత చిన్న సంగతి! వెస్లీని కేకేసి పిలిచాను.

పిల్ల ఛాతీకి బొట్టుబిళ్లంత పరికరం అంటించి ఒక పగలూ ఒక రాత్రీ గుండె చప్పుడు పట్టాం. దాన్నిండా ఏడుపులు, ఎక్కిళ్లు, కాళ్లు తన్నుకోవడాలు. నేనూ వెస్లీ కూర్చుని వాటన్నింటినీ తీసేసి, సగటు కట్టి, చక్కని శుభ్రమైన గుండె చప్పుడు తయారుచేశాం. అరల్లోకి వదిలాం. ఊరంతా షెడ్డు ముందు చేరింది. ఒక రోజు. రెండు రోజులు. నాలుగు రోజులు. ఒక్క మొన కూడా పగల్లేదు.

కార్తీకం ఇంకా ఏడు రోజులుంది. నేను షెడ్డులో నేల మీద కూర్చుని మొహం మోకాళ్లలో పెట్టుకున్నాను. ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు. ఎప్పుడొచ్చిందో అమ్మ వచ్చింది. అరల పక్కన నడుస్తూ ఒక చెక్క మీద చెయ్యి ఆనించింది. తల అడ్డంగా ఊపింది.

"మేడం, గిది మా పిల్ల గుండె గాదు."

"దానిదే అమ్మా. దాని ఛాతీ మీదే పట్టినం."

"నాకెర్కలేదా? నెల సంది ఎత్తుకుంటున్న. మా పిల్లది గిట్ల గడియారం లెక్క కొట్టుకోదు. పాలు తాగేటప్పుడు ఉరుకుతది, ఏడ్చేటప్పుడు ఎగురుతది, నిద్రల ఆగి ఆగి నడుస్తది. గిదేందో మీ మిషనే, జర జోరుగ నడుస్తున్నది."

నేను తలెత్తి వెస్లీ వైపు చూశాను. అతను అప్పటికే కంప్యూటరు దగ్గరికి ఉరికాడు. రెబ్బల్ని నిద్రపుచ్చిందే తప్పకుండా సాగే వణుకు. మేము చేసిందేమిటి? పిల్ల గుండెలోని తప్పులన్నీ ఏరేసి, మళ్లీ అదే జోల పాడాం, కొంచెం వేగంగా.

ఈసారి ఏదీ తియ్యలేదు. ఏడుపులు, ఎక్కిళ్లు, చీదడాలు, ఒకచోట మా తమ్ముడు పిల్లను ముద్దుచేస్తూ వేసిన కూతల వణుకు, అన్నీ అలాగే వదిలాం. అరలన్నీ పసిపిల్లలాగా ఎగిరి, తూగి, మళ్లీ ఎగిరాయి. అమ్మ చెయ్యి పెట్టి చూసి, "ఆఁ, గిది మా పిల్ల" అని ఇంటికి వెళ్లిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం వెస్లీ బయటికొచ్చి, రోడ్డు మీద ఎవరున్నారో కూడా చూడకుండా, "లేచాయండోయ్!" అని కేక పెట్టాడు. గుంటూరు గొంతు తాటిచెలమ చివర దాకా వినిపించింది. మొదట ఈరప్ప వచ్చాడు, ఊతకర్ర ఇంట్లోనే మరిచిపోయి. అరలో చూశాడు. ఊదారంగు పొరల మధ్య వేలకు వేలు పచ్చని మొనలు. ఆయన ఒక రెబ్బను చేతిలోకి తీసుకుని, "పండుకున్నది చాలుతియ్, లే ఇగ" అని దాన్ని కోప్పడ్డాడు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో నా గుండెల మీది బండ సగం దిగింది.

ఇంక నాలుగు రోజులే మిగిలాయి. ఊళ్లో పొయ్యి వెలిగించినవాళ్లు లేరు. బడిపిల్లలకు పంతులే సెలవిచ్చి, తనూ పంచె ఎగగట్టి దిగాడు. మొలక విరగకుండా ఒక్కో రెబ్బను చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు గుంటలో పెట్టారు. పాటలు మళ్లీ మొదలయ్యాయి. వాటిలో ఒకటి నా మీదే, విత్తనానికి జోల పాడి ఊరికి నిద్ర లేకుండా చేసిన మేడం మీద. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

చివరి సాలు అయ్యాక అమ్మ, విడదీయకుండా అరలో మిగిల్చిన గడ్డల్లోంచి ప్రతి ఇంటివాళ్లకూ ఒక్కో గడ్డ ఇచ్చింది. ఇంట్లో వేలాడదీసుకోమంది, ఇకమీదట ప్రతి ఏడూ కొంత విత్తనం అలాగే ఇంట్లో ఉండాలంది.

"ఇత్తనం ఇడగొడితే ఇల్లిడిపోతది గదనే మొగులమ్మా" అన్నాడు ఈరప్ప.

"ఇడగొట్టకుంటే ఏమైందో సూడలేదా? ఇల్లిడిపోతే మళ్ల అతికించుకుంటం. గిది పోతే దేంతోని అతికిస్తవు?"

అందరూ గడ్డ తీసుకుని కొంగుల్లో ముడేసుకున్నారు. నేను కూడా అక్కడే నిలబడి చెయ్యి చాపబోయి, ఆగిపోయాను. అమ్మ నన్ను దాటి నడిచింది.

ఆ తర్వాతి వారం నేను చేను వైపు పోలేదు. మొలకెత్తిన రెబ్బ నేలలో వాడిపోవచ్చు, చీడ పట్టవచ్చు, వేరు దిగకపోవచ్చు. అన్నీ నాకు తెలుసు, అందుకే పోలేదు. షెడ్డులో కూర్చుని కొత్త నియమాలు రాసుకున్నాను. జోలగదిలో ఇకమీదట నెలకోసారి ఒక పూట జోల ఆపి పిల్ల గుండె వినిపించాలి. వెస్లీ దానికి మేలుకొలుపు అని పేరు పెట్టాడు.

ఎనిమిదో రోజు పొద్దున తమ్ముడు బండి మీద వచ్చాడు. "అక్కా, అమ్మ రమ్మంటున్నది" అన్నాడు. ఎందుకని అడిగితే, "నాకేం చెప్పలే" అని బండి తిప్పాడు. దారంతా వాడి వీపు చూస్తూ కూర్చున్నాను.

పొద్దుటి చలి ఇంకా విడవలేదు. అమ్మ చేను నడిమధ్య నిలబడి ఉంది, పిల్లను కొంగులో చుట్టి భుజాన వేసుకుని. ఆమె కాళ్ల చుట్టూ ఎర్రమట్టి మీద సాలుకు సాలు పచ్చగా గీతలు. ఇటు మా చేను, అటు ఈరప్ప చేను, ఆ పైన ఇంకొకరిది, కనుచూపు మేర రెండు వేళ్ల ఎత్తున ఆకులు. ఒక్క సాలు కూడా తప్పిపోలేదు.

నేను గట్టు మీదే ఆగిపోయాను.

అమ్మ ఇటు తిరిగింది. నన్ను చూసింది, నా కాళ్లను చూసింది.

"గాడనే నిలవడ్డవేంది?" అని కేకేసింది. "చెప్పులిడిశి రా బిడ్డా!"

చెప్పుల పట్టీ విప్పడానికి వంగాను. కళ్లు కనబడక చాలాసేపు పట్టింది.